కంప్యూటరునకు గొంతు వచ్చిన కథ



క్రిందటి కార్తికమాసమున నొకనాటి సాయంకాలము మా వీధిలోని పెద్దలొకరు మా యరుగు కడకు వచ్చి, కూర్చుండుమన్నను కూర్చుండక, నన్ను వెంటనే తమ యింటికి రమ్మనిరి. వారి మనుమడు హైదరాబాదు నుండి సెలవులకు వచ్చి, తిరిగి పోవుచు, తన పాత లాప్‌టాపును తాతగారి కిచ్చి, అందులో నాయనమ్మ పాడిన మంగళహారతి పాట నొకదానిని భద్రపరచి పోయెనట. ఆమె కాలము చేసి అప్పటికి రెండేండ్లు. ఆ గొంతు మఱి యెక్కడను లేదు. "మాస్టారూ, తెరమీద గీత నడుస్తూనే ఉంది, పాట మాత్రం రావడం లేదు. చూడక ఏదో నొక్కాను. ఆవిడ గొంతు చెరిపేశానేమోనండీ" అని పలుకునప్పుడు వారి చేతులు వణకుచుండెను.

ఏమియు చెరగలేదు. చెరువులో నీరున్నది, తూము తెరచియున్నది, కాలువ పాఱుచున్నది. కాని ఆ నీరు వీరి చేనికి గాక వేఱొక చేనికి పోవుచున్నది. ఆ చేను ఏదియో చివర చెప్పెదను. అంతకు ముందు అడుగదగిన ప్రశ్న యొకటి కలదు. పాట వినగోరిన ముసలివారు ఆ పాట ఏ దారిని పోవలయునో యంత్రమునకు చెప్పవలసిన యగత్యమేమి? మన ట్రాన్సిస్టరు రేడియోకు రెండే మరలు. ఒకటి స్టేషనునకు, ఒకటి ధ్వనికి. స్పీకరు ఆ పెట్టెలోనే యతుకబడి యుండును. శబ్దము మఱొక చోటికి పోవుటకు వీలే లేదు. కంప్యూటరునందు మాత్రము ఈ చిక్కు ఎట్లు పుట్టినది, ఎవరెవరు దానిని విప్ప యత్నించిరి, విప్పిన కొలది మఱల నెట్లు ముడిపడినది, ఇదియే నేటి ప్రసంగము.

1981వ సంవత్సరము ఆగస్టు నెలలో ఐబీఎం సంస్థవారు తమ పర్సనల్ కంప్యూటరును అమెరికాలో వెలువరించిరి. దాని కడుపులో నొక చిన్న స్పీకరు మాత్రమే యుండెను. అది ఒక్క మాఱున కొక్క స్వరమును మాత్రము కూయగలదు. పాట లేదు, మాట లేదు. కాని అమర్చుకొనవలసిన దేదియు లేదు! ఉన్నది ఒకే దారి గనుక దారి తప్పుట లేదు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు.

1987వ సంవత్సరమున కెనడా దేశమునందలి క్విబెక్ నగరమున యాడ్‌లిబ్ అను సంస్థ కంప్యూటరులో దూర్చదగిన ధ్వని పలకను, అనగా సౌండు కార్డును, అమ్మకమునకు తెచ్చెను. దానిని స్థాపించిన మార్టిన్ ప్రెవెల్ అను నాయన అంతకు ముందు విశ్వవిద్యాలయమున సంగీతాచార్యుడు. జపానునందలి యమహావారు చేసిన యొక చిన్న చిప్పు ఆ కార్డునకు ప్రాణము. అది ఒకేసారి తొమ్మిది స్వరములను పలికించెడిది. రెండేండ్లకు, 1989లో, సింగపూరునందలి క్రియేటివ్ సంస్థవారు సౌండ్ బ్లాస్టర్ అను కార్డును తెచ్చిరి. ఆ సంస్థను 1981లో నెలకొల్పినవారిలో ముఖ్యుడు సిమ్ వాంగ్ హూ. ఆయన 2023వ సంవత్సరము జనవరిలో పరమపదించెను. యాడ్‌లిబ్ పలికించు స్వరములన్నింటిని సౌండ్ బ్లాస్టర్ పలికించుటయే గాక, మనుష్యుని కంఠమును అంకెలుగా దాచి మఱల వినిపించెడిది. జనులు దానినే కొనిరి. సంగీతాచార్యుని సంస్థ 1992లో దివాలా తీసెను.

ఇప్పుడు అసలు కష్టమునకు వచ్చితిమి. సౌండు కార్డును కొని తెచ్చినవాడు మూడంకెల నెఱుగవలసి యుండెను. మొదటిది చిరునామా: యంత్రమునకు యజమాని వంటిదైన ప్రాసెసరు ఈ కార్డును పిలుచుటకు వలసిన యింటి నంబరు. పదాఱుల లెక్కలో వ్రాసిన 220 అనునది దానికి వాడుకయైన నంబరు. రెండవది గంట: కార్డు తన పని ముగియగానే ప్రాసెసరును పిలుచుటకు మ్రోగించు తీగె. దాని సంఖ్య 7, లేక 5. మూడవది సరకుల దారి: గాదెలోని ధాన్యము యజమాని చేతిమీదుగా గాక నేరుగా బండి కెక్కినట్లు, జ్ఞాపకస్థానమునందలి శబ్దమును ప్రాసెసరు ప్రమేయము లేకుండ కార్డునకు చేర్చు మార్గము. దాని సంఖ్య సాధారణముగా 1.

ఈ అంకెలను కాగితముమీద వ్రాసికొన్న చాలదు. పెట్టెను విప్పి, కార్డుమీద సూదులవలె నిలిచిన ముండ్లకు వడ్లగింజంత టోపీలను తొడిగి, ఏ ముల్లునకు టోపీ యున్నదో దానినిబట్టి గంట సంఖ్యను మార్చవలెను. టోపీ క్రింద పడెనా, దీపము పెట్టి వెదకవలసినదే. ఒకవేళ అన్నియు సరిగా తొడిగినను, 7వ గంట అప్పటికే ప్రింటరునకు కేటాయింపబడి యుండెడిది. ఒకే గంటకు ఇద్దరు పనివారైనచో ఏమగును? ఆట మధ్యలో శబ్దము నిలిచిపోవుటయో, యంత్రమే కదలక కూర్చుండుటయో జరిగెడిది. అటుపిమ్మట, కంప్యూటరు మేల్కాంచినపుడెల్ల చదువుకొను పత్రమొకటి కలదు. అందులో ఎ 220, ఐ 5, డి 1 అని యొక పంక్తి చేర్చవలెను. అక్షరము తప్పినచో మౌనము.

అంతటితోనైన ముగిసెనా? లేదు. డాస్ అను ఆనాటి మూలవ్యవస్థకు సౌండు కార్డుల సంగతి పట్టదు. కావున ఒక్కొక్క ఆటయు, ఒక్కొక్క సాఫ్ట్‌వేరును కార్డుతో తానే స్వయముగా మాటాడవలసి వచ్చెను. పది యాటలు కొన్నవాడు పది మాఱులు అవే ప్రశ్నలకు ప్రత్యుత్తరము చెప్పవలెను: నీ కార్డు ఏది, చిరునామా ఏది, గంట ఏది, దారి ఏది?

నా యభిప్రాయ మొకటి మనవి చేసెదను. ఆ మూడంకెలలో నొక్కటియు పాటకు సంబంధించినది కాదు. అన్నియు పెట్టె లోపలి పంపకములకు సంబంధించినవి. అన్నదమ్ములు ఆస్తి పంచుకొనుచు, భోజనమునకు వచ్చిన యతిథిని పిలిచి తీర్పు చెప్పుమన్నట్లున్నది. అతిథికి తెలియకున్న అది అతిథి యజ్ఞానమా? కాని ఆనాడు వాడుకొనువారు తమకే తెలివి చాలదని తలలు వంచుకొనిరి. మా వీధి పెద్దలు ఈనాటికిని అట్లే తలంచిరి గదా!

చిక్కును విప్పు మొదటి ఉపాయము మన కెఱిగినదే: దుబాసి. కుంఫిణీ దొరలకును మన వర్తకులకును నడుమ దుబాసీ లుండినట్లు, సాఫ్ట్‌వేరునకును కార్డునకును నడుమ నొక మధ్యవర్తి నుంచిరి. వానికి డ్రైవరు అని పేరు. 1992లో వెలువడిన విండోస్ 3.1 నాటికి ఈ యేర్పాటు స్థిరపడెను. పాటను విప్పి వినిపించు సాఫ్ట్‌వేరు, దీనినే మనము ప్లేయరందుము, విండోస్‌తో చెప్పును; విండోస్ దుబాసితో చెప్పును; దుబాసికి కార్డు భాష తెలియును. ఆ మూడంకెలను ఆటయాటకు చెప్పుట మాని ఒక్కమాఱు దుబాసికి చెప్పిన చాలును.

రెండవ ఉపాయము 1995 ఆగస్టులో విండోస్ 95తో గ్రామగ్రామమునకు కాకున్నను నగరనగరమునకు చేరెను. యంత్రము మేల్కాంచగానే కార్డును నీవెవరవని తానే యడిగి, చిరునామాను, గంటను, దారిని తానే పంచిపెట్టును. తగిలించిన చాలు, పాడును అని దానికి పేరు పెట్టిరి. తొలిదినములలో ఆ పంపకము తఱచుగా తప్పుచుండుటచే, ఆంగ్లేయభాషలో ఒక్క యక్షరము మార్చి, తగిలించి ప్రార్థింపుము అని జనులు పరిహసించిరి. పరిహాసము కొన్నేండ్లకు మాసిపోయెను, ఏర్పాటు నిలిచెను. టోపీలు, ముండ్లు, మూడంకెలు వాడుకొనువాని కంటబడకుండ పోయినవి.

మూడవ ఉపాయము అన్నింటికంటె సులభమైనది, నా మనస్సునకు అన్నింటికంటె నచ్చినది. పెట్టె వెనుక స్పీకరు తీగెకు, మైకు తీగెకు ఒకే పరిమాణముగల రంధ్రము లుండెడివి. ఏది దేనిదో తెలుపుటకు లోహముమీద చీమంత బొమ్మలు చెక్కిరి. పీసీ 99 అను పేర మైక్రోసాఫ్టు, ఇంటెల్ సంస్థలు చేసిన నిబంధనలలో ఒక్కొక్క రంధ్రమునకు ఒక్కొక్క రంగు నిర్ణయింపబడెను: స్పీకరునకు చిలుకపచ్చ, మైకునకు గులాబి, బయటినుండి వచ్చు శబ్దమునకు లేతనీలము. అక్షరము రానివారును అమర్చుకొనవచ్చును. అయితే రంగు రెండు వైపులను ఉండవలెను గదా! నేను పనిచేసిన బడికి పాఠములు వినిపించుటకై యొక కంప్యూటరు వచ్చెను. దానికి తగిలించిన చౌకరకపు స్పీకర్ల తీగె చివర నలుపు. నేనే స్వహస్తములతో దానిని గులాబి రంధ్రమున దూర్చి, స్పీకర్లు చెడినవని చీటీ వ్రాసి పంపితిని. క్రొత్త స్పీకర్లు వచ్చుటకు ఒక పరీక్షాకాలము గడచెను. అవియు పలుకలేదు. తొమ్మిదవ తరగతి బాలుడొకడు వెనుకకు వంగి చూచి, తీగెను ఒక రంధ్రము ప్రక్కకు మార్చెను. పిల్లలు నవ్వలేదు, అది వారి దయ.

ఇక ప్లేయర్ల సంగతి. 1997లో అమెరికా యువకుడు జస్టిన్ ఫ్రాంకెల్ విన్‌యాంప్ అను ప్లేయరును ప్రకటించెను. ప్రపంచమంతట ఆనాటి యువకులు పాటలు విన్నది దానితోనే యన్న నతిశయోక్తి కాదు. శబ్దము ఏ పద్ధతిని బయటికి పోవలయునో ఎన్నుకొనుటకు అందులో నొక పట్టిక యుండెను. ఆ పట్టికలో పాటను చెవికి గాక డిస్కుమీద క్రొత్త పత్రముగా వ్రాయు పద్ధతి యొకటి. తెలిసినవానికి అది మిక్కిలి యుపయోగము. తెలియక దానిని నొక్కినవానికి ఏమగును? పాట నడచినట్లే కనబడును, వినబడదు. పాట పాటకు డిస్కు మాత్రము నిండుచుండును. వంటయింటి యలమారలో ఉప్పు డబ్బా ప్రక్కనే తెల్లని ముగ్గుపిండి డబ్బా నుంచినట్లున్నది.

ఫ్రాన్సునందలి ఎకోల్ సెంట్రాల్ పారిస్ అను విద్యాలయమున విద్యార్థులు 1996లో మొదలుపెట్టిన యొక పని నుండి వీఎల్‌సీ అను ప్లేయరు పుట్టెను. 2001 ఫిబ్రవరిలో దానిని ఎవరైనను ఉచితముగా వాడుకొని, మార్చుకొని, పంచుకొనునట్లు లోకమున కర్పించిరి. ఇందులో వారు చూపిన వివేకము గమనింపదగినది. పాట పాడుచుండగనే పైనున్న ఆడియో అను పట్టికను తెరచిన, ఆ క్షణమున యంత్రమునకు తగిలియున్న పరికరముల పేర్లు కానవచ్చును. ఒకదానిని తాకిన చాలును. లోతైన మార్పులు కోరువారికి వేఱొక గది కలదు. అందును సులభమైన అమరికలు కొన్ని, సమస్తమైన అమరికలు కొన్ని అని రెండు వాకిళ్లు. అన్నియు ఒకేచోట కుప్పవోయక, దినదినము కావలసినదానిని వాకిటనుంచి, ఏడాది కొకమాఱు కావలసినదానిని అటకమీద నుంచిరి.

లైనక్స్ అను మఱియొక మూలవ్యవస్థ గలదు. అందు ఈ కథ కొంత వింతగా నడచెను. మొదట 1992లో ఫిన్లాండు దేశస్థుడు హన్ను సవోలైనెన్ శబ్దమున కొక యేర్పాటు చేసెను. కాని పెక్కు కార్డులయందు ఒక సాఫ్ట్‌వేరు శబ్దమార్గమును పట్టుకొన్నచో, అది వదలువఱకు రెండవదానికి ప్రవేశము లేదు. బావికి ఒకే చేద యన్నమాట. పిమ్మట చెక్ దేశీయుడు యారోస్లావ్ కిసెలా మొదలిడిన ఆల్సా అను క్రొత్త యేర్పాటు ఆ వ్యవస్థలో 2003 నాటికి స్థిరపడెను. అది శక్తిమంతమే, కాని పరికరములను అంకెలతో పిలుచును: సున్న, సున్న, ఒకటి, మూడు, అట్లు. ఎంప్లేయరు అను ప్లేయరులో ఆ పేరును చేతితో వ్రాయునప్పుడు అంకెల నడుమనున్న కామాకు బదులు చుక్కను, రెండు చుక్కల గుర్తునకు బదులు సమానపు గుర్తును వ్రాయవలెనని నియమము. ఆ గుర్తులకు అక్కడ వేఱర్థ ముండుటయే కారణము. వ్యాకరణము చదివినవాడనగుటచే ఆదేశసంధు లనిన నాకు ప్రీతియే. కాని పాట వినుటకు ముందు సంధికార్యము చేయవలె ననుట నాకును కఠినముగా తోచెను. ఆ వంశమునందే పుట్టిన ఎంపీవీ అను ప్లేయరు, పరికరముల పేర్లన్నియు ఒకే వరుసగా చూపి, ఏమియు చెప్పనివానికి తానే యొకదానిని నిర్ణయించు పద్ధతి నవలంబించెను.

2004లో జర్మను దేశీయుడు లెన్నార్ట్ పోయెటరింగ్ పల్స్‌ఆడియో అనుదానిని ప్రారంభించెను. ఇది కాలువల మీది నీరుకట్టువాడు. ఎన్ని సాఫ్ట్‌వేరులు శబ్దము పంపినను అన్నిటిని కలిపి, పాట నడుచుచుండగనే దానిని ఒక స్పీకరు నుండి మఱొకదానికి మరల్చగలదు. 2007, 2008 సంవత్సరములలో దీనిని తొందరగా ప్రజలకు పంచిపెట్టుటచే, అంతకు ముందు చక్కగా పలికిన యంత్రములు సైతము కొన్ని మూగవోయినవి. దూషణలు వర్షమువలె కురిసినవి. లోపములు క్రమముగా దిద్దబడినవి. 2017లో వెలుగు చూచిన పైప్‌వైర్ అనునది ఇప్పుడు అనేక లైనక్స్ యంత్రములలో దాని స్థానము నాక్రమించినది. విండోస్‌లోను 2007 నాటి విస్టాలో ఒక్కొక్క సాఫ్ట్‌వేరునకు వేఱువేఱుగా ధ్వనిని హెచ్చించి తగ్గించు మరలు వచ్చినవి. 2018లో ఒక్కొక్కదానికి వేఱువేఱు స్పీకరును గూడ నియమించు వసతి వచ్చినది.

ఇన్ని చేసినను మా వీధి పెద్దలకు పాట ఏల వినబడలేదు? కారణమిది. యంత్రము ప్రశ్నలడుగుట మానినది. కాని దారులు పెరిగినవి. యూఎస్‌బీ తీగెతో వచ్చు ఇయర్‌ఫోనులు, తీగెయే లేని బ్లూటూత్ స్పీకర్లు, చిత్రముతో పాటు శబ్దమును గూడ మోసికొనిపోవు హెచ్‌డీఎంఐ తీగెలు, ఒక్కొక్కటి యొక్కొక్క కొత్త సౌండు కార్డే. వాటిలో ఒకదానిని యంత్రము తనంత తానుగా ముఖ్యమైనదిగా నెంచుకొనును. క్రొత్తగా వచ్చినదాని కగ్రతాంబూల మిచ్చుట తఱచు. ఎంచుకొన్న సంగతి గట్టిగా చెప్పదు. పూర్వము మనకు భారమైన ప్రశ్న ఇప్పుడు మనకు తెలియని నిర్ణయమైనది. మౌనము గలిగినచో చూడవలసిన తూములు నాలుగు: ప్లేయరులోని ధ్వని మర, మూలవ్యవస్థలో ఆ ప్లేయరునకు కేటాయించిన మర, ఎన్నుకొనిన పరికరము, ఆ పరికరముమీది మర. నాలుగింటిలో ఏ యొక్కటి మూసియున్నను ఫలమొక్కటే.

పైగా పట్టికలోని పేర్లు! హై డెఫినిషన్ ఆడియో డివైసు అని యొకటి కనబడును. అది చిప్పు చేసినవారి నిబంధన పేరు. ఈ పెట్టెలోని స్పీకరు, గోడమీది టీవీ అని వ్రాసిన నేమి నష్టము? ప్రతి పేరు ప్రక్కను ఒక్క మాట పలికించు మీట నుంచి, ఏది పలికినదో దానిని ఎన్నుకొను మనిన ఎంత సుఖము! అట్టి మీట కొన్నిటియందు లేకపోలేదు. లైనక్స్‌లో పరీక్షింపగా ఎదుటి ఎడమ, ఎదుటి కుడి అని ఒక స్త్రీకంఠము పలుకును, పలుకునది ఆంగ్లమున.

ఇది ముసలివారి సౌకర్యమునకు మాత్రమే సంబంధించిన మాట కాదు. 2006లో ఆస్ట్రేలియా దేశమున మైఖేల్ కరన్ అను అంధయువకుడు ఎన్‌వీడీఏ అను సాఫ్ట్‌వేరును వ్రాయ మొదలిడెను. తెరమీది యక్షరములను అది చదివి వినిపించును, ఉచితము, తెలుగును గూడ పలుకును. దానిని వాడు అంధునకు శబ్దమే తెర. అతని యంత్రము శబ్దమును లేని పరికరమునకు పంపినచో, మనకు పాట పోవును, అతనికి సర్వమును పోవును. సవరించుకొనుటకు వలసిన పట్టికను అతడు చూడలేడు, వినలేడు. ప్రక్కన చూపుగలవా డొకడు వచ్చువఱకు కూర్చుండవలసినదే. శబ్దపరికరమును అమర్చుట ఎంత సులభము కావలయునని యడుగువారికి ఈ యొక్క యుదాహరణమే కొలత.

ఇప్పుడు ఆ యింటికి పోదము. లాప్‌టాపు టీవీ బల్లమీద నున్నది. మనుమడు బొమ్మలు పెద్దగా చూపుటకై దానినుండి టీవీకి తీగె తగిలించి, తీయక పోయినాడు. టీవీ తెర చీకటిగా నున్నది గాని తీగె తగిలియే యున్నది. యంత్రము దానినే నమ్ముకొని పాటనంతయు అటు పంపుచున్నది. తెర క్రింద కుడిమూలనున్న స్పీకరు బొమ్మను తాకి, ధ్వనిగీత ప్రక్కనున్న గుర్తును నొక్కితిని. రెండు పేర్లు వచ్చినవి. మొదటిది టీవీ చేసినవారి యక్షరములు, రెండవది స్పీకర్లు. రెండవదానిని నొక్కితిని. పాట అంతవఱకు మౌనముగా నడుచుచునే యుండెను గనుక, మంగళహారతి నడిమి చరణమునుండి వినబడెను. వారు కొంతసేపు వినిరి. పిమ్మట, "మాస్టారూ, మొదటినుంచి పెట్టండి" అనిరి.